గాల్లో ఇరవై ఒక్క నిమిషం

ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఇవతలి గట్టు విమానాశ్రయంలో విజిబిలిటీ ఎనిమిది వందల మీటర్లు. ఏడూ నలభైకి కూడా అంతే. ఏడూ నలభై ఒకటికి అవతలి గట్టు నుంచి రావాల్సిన విమానం రద్దయింది.

ఎనిమిది వందలని రాసి పంపింది వాతావరణ పరిశీలకురాలు. అది చూసి విమానం రద్దు చేసింది, విమానాలు బయల్దేరాలో ఆగాలో తేల్చే అవతలి గట్టు డిస్పాచర్. ఆ విమానంలో నాలుగో వరుస కిటికీ సీటు ఆ డిస్పాచర్‌దే. పది గంటలకల్లా అతను పరిశీలకురాలి ఇంట్లో ఉండాలి. ఆమెను తనకిచ్చి పెళ్లి చెయ్యమని వాళ్ళ నాన్నను అడగాలి.

రెండు ఊళ్ళ మధ్య సరస్సు ఉంది. రెండు రన్‌వేల మధ్య తిన్నగా గీత గీస్తే ఎనభై ఒక్క కిలోమీటర్లు. ముప్పై సీట్ల విమానం గాల్లో ఉండేది ఇరవై ఒక్క నిమిషం. రోడ్డు మాత్రం సరస్సు చుట్టూ తిరిగి వెళ్తుంది. నూట డెబ్బై ఎనిమిది కిలోమీటర్లు, బస్సుకు నాలుగు గంటలు. మంచు పడితే ఇంకో అరగంట. సగం దారిలో ఒక హోటల్ ఉంది. రెండు వైపుల బస్సులూ అక్కడ ఆగుతాయి.

పరిశీలకురాలి తండ్రి ఆ రోడ్డు మీద ఇరవై ఆరేళ్లుగా బస్సు నడుపుతున్నాడు.

ఆమెకూ డిస్పాచర్‌కూ పరిచయం గొడవతో మొదలైంది. అతను ఉద్యోగంలో చేరిన మొదటి వారం. విమానం దిగాలంటే విజిబిలిటీ పదిహేను వందల మీటర్లు ఉండాలి. ఆమె పద్నాలుగు వందలని పంపింది. అతను ఫోన్ చేశాడు.

"మేడమ్, వంద మీటర్లు. ఒక్క వంద."

"అవును సార్. ఒక్క వంద తక్కువుంది."

"మీరు దేన్ని చూసి కొలుస్తారు?"

"ఎనిమిది వందల మీటర్ల దగ్గర నీళ్ల ట్యాంకు ఉంది. పదిహేను వందల దగ్గర ఇటుకబట్టీ చిమ్నీ ఉంది. ట్యాంకు కనిపిస్తోంది. చిమ్నీ కనిపించట్లేదు."

"చిమ్నీ ఉందో లేదో ఒకసారి కనుక్కుంటారా? ఎవరైనా పడగొట్టారేమో."

"రాత్రి ఉంది సార్. తెల్లారేసరికి లేచి నడిచెళ్లే రకం కాదు."

"విమానంలో ఇరవై ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు మేడమ్."

"అందుకే పద్నాలుగు వందలు అంటున్నాను."

అతను ఫోన్ పెట్టేశాడు. విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. ఆ రోజు నుంచి అతను తన ఆఫీసులో ఆమెను మీటర్లమ్మ అనడం మొదలుపెట్టాడు. ఆ పేరు వారం తిరక్కుండానే సరస్సు దాటి ఆమె చెవిన పడింది.

తర్వాతి సెలవు రోజున అతను ఉదయం విమానంలో ఇవతలి గట్టుకు వచ్చాడు. అబ్జర్వేటరీ మేడ మీదికి ఇనప మెట్లుంటాయి. అవి ఎక్కి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎవరు మీరు?"

"చిమ్నీ చూడ్డానికొచ్చాను."

ఆమె గొంతు గుర్తుపట్టింది. "వంద మీటర్లాయనా?"

"మీటర్లమ్మ మీరేనా?"

అప్పటికి వాన మొదలైంది. ఆమె గొడుగు తీసి మేడ అంచు దాకా నడిచింది. అతనికి గొడుగు లేదు. కాసేపు తటపటాయించి అదే గొడుగు కిందికి వచ్చాడు.

"చెప్పండి. ఏం కనిపిస్తోంది?" అంది ఆమె.

"ట్యాంకు."

"ఇంకా?"

"చిమ్నీ... లీలగా."

"లీలగా అని రాయడానికి లేదు. కనిపిస్తోందా, లేదా?"

"లేదు."

"ఇంకా?"

"మీరు."

"నన్ను రిపోర్టులో రాయరు. నేను మీటరు లోపలే ఉన్నాను."

"అదే చూస్తున్నాను."

"మీరు వాన చూడండి సార్. వానే రాయాలి."

అతను సాయంత్రం విమానంలో వెళ్లిపోయాడు. తర్వాతి సెలవుకూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. రెండు నెలలకు మేడమ్, సార్ పోయి నువ్వు, నువ్వు అయింది. ఆఫీసు లైన్‌లో మాత్రం మీరు, మేడమ్, సార్ అలాగే ఉండిపోయాయి. ఆ లైన్‌లో మాట్లాడిందంతా రికార్డవుతుంది.

పెళ్లి మాట ముందెత్తింది ఆమే. క్యాంటీన్‌లో, టీ తాగుతూ.

"ఇలా ఎన్నాళ్ళు తిరుగుతావ్?"

"విమానం ఉన్నన్నాళ్ళు."

"మా నాన్నతో మాట్లాడనా?"

అతను కప్పు కింద పెట్టాడు. "నేను అడగాల్సిన మాట నువ్వడిగేశావ్."

"నువ్వు అడిగేదాకా ఆగితే నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చేస్తుంది. నిజంగానే వస్తుంది, మీ గట్టుకే రాసిచ్చాను. పరిశీలకుల పోస్టు రెండు చోట్లా ఉంది. డిస్పాచర్ పోస్టు మీ దగ్గరే ఉంది. కనక రావాల్సింది నేనే."

"మీ నాన్నగారు దూరం అంటారేమో."

"అంటాడు."

"ఇరవై ఒక్క నిమిషమేనని చెప్పు."

ఆమె ఆ మాట అలాగే తీసుకెళ్లి ఇంట్లో చెప్పింది. అతను చేసిన తప్పు అదొక్కటే. విమానాశ్రయంలో పనిచేసేవాళ్ళు దూరాన్ని నిమిషాల్లోనే చెప్పుకుంటారు. అది కూడా గాల్లో నిమిషాలు. వినేవాడు బస్సు డ్రైవర్ అన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

రాత్రి భోజనాల దగ్గర తండ్రి అంతా విన్నాడు.

"కుర్రాడు మంచివాడేనా?"

"మంచివాడే నాన్నా."

"ఏ ఊరు?"

"అవతలి గట్టు."

"నాలుగు గంటలు."

"ఇరవై ఒక్క నిమిషం నాన్నా, విమానంలో."

"ఇరవై ఒక్క నిమిషంలో నేను స్టాండ్‌లోంచి బండి బయటికి కూడా తియ్యలేను."

తల్లి నవ్వింది. తండ్రి నవ్వలేదు.

"విమానం రాని రోజున?" అన్నాడు.

విమానం ఏ రోజు రాదో ఊళ్ళో అందరికంటే ముందు తెలిసేది ఆమెకే.

"విమానం రాని రోజు వాళ్ళంతా వచ్చి నా బస్సే ఎక్కుతారమ్మా," అన్నాడు తండ్రి. "ఒకరికి ఆసుపత్రి. ఒకరికి చావు. ఒకరికి పరీక్ష. ఇరవై నిమిషాల్లో చేరిపోతామని ఇంట్లోంచి ఆలస్యంగా బయల్దేరినవాళ్ళే అందరూ. నాలుగు గంటలు వాళ్ళ మొహాలు నాకు అద్దంలో కనిపిస్తూనే ఉంటాయి. ఆ సీట్లో నిన్ను చూడమంటావా?"

"అయితే వద్దంటావా?" అంది తల్లి.

"వద్దని నేనన్నానా? ఆదివారం పదింటికి రమ్మను. చెప్పిన టైముకు వస్తే కూర్చుని మాట్లాడతా. రాకపోతే మాట్లాడ్డానికేముంది? దూరమని తేలిపోయినట్టేగా."

"ఆదివారం నాకు డ్యూటీ ఉంది నాన్నా."

"తెలిసే పెట్టాను. నువ్వు ఇంట్లో ఉంటే నన్ను నోరెత్తనివ్వవు."

ఆదివారం వచ్చింది. మంచు కూడా వచ్చింది.

ఏడూ పన్నెండుకు ఆఫీసు లైన్ మోగింది.

"మేడమ్, ఎనిమిది వందలు కన్ఫర్మా?"

"కన్ఫర్మ్ సార్."

"రెండోసారి చూశారా?"

"మూడుసార్లు చూశాను సార్. ట్యాంకు కనిపిస్తోంది. దాని వెనక ఏమీ లేదు."

"ఏడూ నలభై రిపోర్టు దాకా ఆగుతాను మేడమ్."

"అలాగే సార్."

ఏడున్నరకు తల్లి ఫోన్ చేసింది. "ఏమే, మీ నాన్న కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నారు. ఏంటి పరిస్థితి?"

"బాలేదమ్మా."

"ఒక్కసారి మళ్ళీ చూడవే. కళ్ళు కడుక్కుని చూడు."

"కడుక్కునే చూశానమ్మా."

"మొండిదానివి. అంతా మీ నాన్న పోలికే."

ఏడూ నలభై రిపోర్టు వెళ్ళింది. విమానం ఇంకో గంట ఆగడానికి లేదు, తొమ్మిదింటికి అది వేరే ఊరు వెళ్ళాలి. డిస్పాచర్ సంతకం పెట్టి రద్దు చేశాడు. డ్యూటీ అప్పగించి బయటికొచ్చి, సొంత ఫోన్ తీశాడు.

"కోపం వచ్చిందా?" అంది ఆమె.

"తొమ్మిది వందలని రాసుంటే వచ్చేది."

"ఎందుకు?"

"నాకోసం వంద కలిపావని."

"కలిపినా చాలదు. పదిహేను వందలు కావాలి."

"కలిపినా చాలదని కూడా లెక్క చూసుకున్నావన్నమాట."

"ఎక్కడున్నావ్?" అంది ఆమె.

"ఆటోలో. ఎనిమిది గంటల బస్సు దొరుకుతుందేమోనని."

"పన్నెండున్నర అవుతుంది."

"అవనీ. రానని మాత్రం అనిపించుకోను."

బస్సు దొరికింది. రద్దయిన విమానంలో వెళ్లాల్సిన పదకొండు మంది అదే బస్సులో ఉన్నారు. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇందాక కౌంటర్ దగ్గర రద్దని చెప్పించింది నువ్వే కదా బాబూ?"

"నేనేనండి."

"విమానం వాళ్ళే బస్సెక్కితే ఇక మా గతేంటి? ఏం పని మీద?"

"పెళ్లి మాట్లాడుకోవడానికండి. పదింటికి రమ్మన్నారు."

"పదింటికి రమ్మంటే విమానం ఎలా రద్దు చేశావయ్యా?"

"అక్కడ వాతావరణం బాలేదని రిపోర్టు వచ్చిందండి."

"ఎవడు ఇచ్చాడు ఆ రిపోర్టు?"

"పెళ్లికూతురు."

ఆవిడ రెండు క్షణాలు అతని మొహం చూసింది. తర్వాత వెనక్కి తిరిగి బస్సంతటికీ వినబడేలా చెప్పింది. "ఏమండోయ్, విన్నారా? విమానం ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది! పిల్లేమో రావద్దంది, పిల్లాడేమో సరేనన్నాడు!"

వెనక సీట్లలోంచి ఎవరో అడిగారు, "ఇంతకీ ఇష్టపడేనా ఇద్దరూ?"

"ఇష్టపడేనండి," అన్నాడు డిస్పాచర్.

"ఇష్టం లేకపోతే ఇంకేం చేసేవాళ్ళో!"

తొమ్మిదింటికి ఆమె మళ్ళీ ఫోన్ చేసింది.

"నాన్న ఇంట్లో లేడు."

"ఎక్కడికెళ్ళారు?"

"విమానం రాదని తెలియగానే యూనిఫాం వేసుకున్నాడట. ఇవాళ సెలవు పెట్టాడు కదా. మంచు రోజు జనం ఎక్కువుంటారని డిపోకి వెళ్లి, ఎనిమిది గంటల బండి తనే తీసుకున్నాడు. మీ ఊరికే వస్తున్నాడు."

"మరి నేనెవరి కోసం వస్తున్నట్టు?"

"నాకోసం అంటే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు ఎప్పుడో ఒప్పుకున్నావ్. ఒప్పుకోవాల్సిన మనిషి ఎదురొస్తున్నాడు."

"సగం దారి హోటల్ దగ్గర రెండు బస్సులూ ఆగుతాయి. అక్కడ కనిపిస్తాడు."

"గుర్తుపట్టేదెలా?"

"దిగగానే టైర్లు తన్ని చూస్తాడు."

"డ్రైవర్లందరూ తంతారు."

"మా నాన్న వెనక టైరుతో మొదలుపెడతాడు."

పదీ ముప్పై అయిదుకు అవతలి గట్టు బస్సు హోటల్ ముందు ఆగింది. ఎదురుగా ఇంకో బస్సు అప్పటికే ఆగి ఉంది. మంచులో హెడ్‌లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన వెనక టైరును కాలితో తన్ని, వంగి చూసి, ముందు టైరు వైపు నడుస్తున్నాడు.

డిస్పాచర్ దగ్గరికెళ్లి నమస్కారం పెట్టాడు.

"పదింటికి మీ ఇంటికి రావాల్సినవాణ్ణండి."

డ్రైవర్ వాచీ చూసుకున్నాడు. "పదీ ముప్పై అయిదు."

"అవునండి."

"ఇది మా ఇల్లు కాదు."

"కాదండి."

"విమానం రాలేదన్నమాట."

"రాలేదండి. నేనే రద్దు చేశాను."

"మా అమ్మాయి చెప్పినందుకా?"

"ఆవిడ చెప్పాక ఇంక చూడక్కర్లేదండి."

డ్రైవర్ ముందు టైరు తన్నాడు. గాలి సరిగ్గానే ఉంది. "మీ వాళ్ళెవరూ రాలేదే?"

"అమ్మకు విమానమంటే భయమండి. కొడుకు పనిచేసేది అక్కడైనా ఇంతవరకు ఎక్కలేదు. బస్సులో వస్తానంది. నాలుగు గంటలు కూర్చోలేవని నేనే వద్దన్నాను."

"ఊఁ," అన్నాడు డ్రైవర్. హోటల్ వైపు చూసి, మళ్ళీ ఇతని వైపు చూశాడు. "ఇప్పుడేం చేస్తావ్? అమ్మాయి అటుంది. ఇంకో రెండు గంటలు కూర్చుంటే చేరిపోతావ్."

"మీరు ఇటు వెళ్తున్నారు కదండి."

అతను వచ్చిన బస్సెక్కి బ్యాగు తీసుకున్నాడు. పెద్దావిడ పట్టుకుంది.

"ఇదేంటయ్యా, సగం దారిలో దిగిపోతున్నావ్? పిల్ల వద్దందా?"

"పిల్ల తండ్రి ఆ బస్సు నడుపుతున్నారండి."

"అది మన ఊరికే పోతుంది కదా!"

"అవునండి."

"వచ్చిన దారినే పోతావా?"

"పోతానండి."

"పో నాయనా, పో. వాడు ఒప్పుకోకపోతే నాకు చెప్పు. నేనొచ్చి మాట్లాడతా," అంది ఆవిడ. ఫోన్ నంబర్ మాత్రం ఇవ్వలేదు.

డ్రైవర్ వెనక మొదటి సీటు ఖాళీగా ఉంది. అతను అందులో కూర్చున్నాడు. బస్సు కదిలింది.

"మీతో ఒక మాట..." అన్నాడు.

డ్రైవర్ తల తిప్పకుండా వేలితో పైకి చూపించాడు. అద్దం పక్కన పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు: డ్రైవర్‌తో మాట్లాడరాదు.

అతను మాట్లాడలేదు. గంట సేపు మాట్లాడలేదు. డ్రైవర్ అద్దంలో అప్పుడప్పుడు చూస్తున్నాడు. కుర్రాడు నిద్రపోలేదు, ఫోన్ చూడలేదు. రోడ్డు చూస్తున్నాడు. కిలోమీటరు రాయి వచ్చినప్పుడల్లా మెడ తిప్పి చదువుతున్నాడు.

అవతలి గట్టు వైపు దారిలో ఒక ఇరుకు వంతెన ఉంది. ఒకసారి ఒక వైపు వాహనాలే పోతాయి. ఎదురు వరుస పెద్దదిగా ఉంది. డ్రైవర్ ఇంజిన్ ఆపాడు. వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"బండి ఆగింది. ఇప్పుడు మాట్లాడొచ్చు."

డిస్పాచర్ గొంతు సవరించుకున్నాడు. డ్రైవరే ముందు అడిగాడు.

"ఏడాదిలో ఎన్ని రోజులు రాదు మీ విమానం?"

"పోయిన ఏడాది నలభై ఒక్క రోజులండి."

"మా అమ్మాయి నలభై అంది."

"ఒక రోజు ఇంజిన్ వల్ల ఆగింది. అది వాతావరణం లెక్కలోకి రాదండి. అందుకే ఆవిడ లెక్కలో లేదు."

డ్రైవర్ కాసేపు వంతెన వైపు చూశాడు. "తక్కువ చేసి చెప్తావనుకున్నా. పదో పన్నెండో అంటావనుకున్నా."

"మీరు మీ అమ్మాయిని అడిగితే తెలిసిపోతుందండి."

"అదీ నిజమే." డ్రైవర్ చొక్కా జేబులోంచి రుమాలు తీసి అద్దం తుడిచాడు. "ఇరవై ఒక్క నిమిషమని చెప్పి పంపింది నువ్వేనా?"

"నేనేనండి. అది గాల్లో ఉన్నంతసేపు. మా ఇంట్లోంచి మీ ఇంటికైతే రెండున్నర గంటలు. విమానం వచ్చిన రోజు."

"రాని రోజు?"

"ఇవాళ చూస్తున్నానండి. అటూ ఇటూ కలిపి ఇంకా చేరలేదు."

డ్రైవర్ మూతి బిగించాడు. నవ్వు ఆపుకోవడానికని వెనక సీటులో ఉన్న కండక్టర్ తర్వాత చెప్పాడు.

"ఈ రోడ్డు మీద ఎన్నోసారి?"

"మొదటిసారండి."

"పద్నాలుగు నెలల నుంచి ఆ ఊరికీ ఈ ఊరికీ విమానాలు పంపుతున్నావ్. రోడ్డు ఇవాళ చూశావా?"

"మా మ్యాపుల్లో రోడ్డు ఉండదండి."

"ఆ నలభై ఒక్క రోజుల్లో మా అమ్మాయికి ఇంటికి రావాల్సిన పని పడితే?"

"ఈ బస్సెక్కుతాం."

"ఎక్కుతాం అంటే?"

"ఇద్దరం. విమానం లేని రోజు నాకు ఆఫీసులో పని ఉండదు కదండి."

ఎదురు వరుసలో ఆఖరి లారీ వంతెన దిగింది. డ్రైవర్ ముందుకు తిరిగి ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

"మరి మీరేమంటారు?" అన్నాడు డిస్పాచర్.

డ్రైవర్ వేలు మళ్ళీ బోర్డు వైపు లేచింది.

మంచు పదకొండున్నరకే విడిపోయింది. బస్సు పన్నెండూ నలభైకి అవతలి గట్టు స్టాండ్‌లో ఆగింది. తిరుగు ప్రయాణం రెండూ నలభై ఐదుకు. డ్రైవర్ దిగి, నీళ్లతో మొహం కడుక్కుని, తల దువ్వుకున్నాడు.

"మీ ఇల్లెంత దూరం?"

"నడిస్తే పది నిమిషాలండి."

"నీ నిమిషాలా, మామూలు నిమిషాలా?"

"మామూలువేనండి."

పదిహేను నిమిషాలు పట్టింది. డ్రైవర్ ఆ సంగతి గుమ్మం దగ్గర చెప్పాడు.

డిస్పాచర్ తండ్రి టైలర్. ముందు గదిలో కుట్టు మిషన్, వెనక రెండు గదులు. తల్లి తలుపు తీసి కొడుకును చూసింది.

"ఏరా, ఇంకా బయల్దేరలేదా?"

"వెళ్ళి వచ్చానమ్మా."

"ఇంత తొందరగానా? ఏమన్నాడాయన? మొండిమనిషి అన్నావు కదా, ఒప్పుకున్నాడా?"

"నాకింకా చెప్పలేదమ్మా. నువ్వే అడుగు," అని అతను పక్కకు జరిగాడు.

ఖాకీ చొక్కాలో ఉన్న మనిషి ఆమెకు నమస్కారం పెట్టాడు.

లోపల్నుంచి టైలర్ లేచి వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది. "రండి బావగారూ," అన్నాడు. భార్య అతన్ని మోచేత్తో పొడిచింది. "ఇంకా ఏమీ తేలందే అప్పుడే బావగారేంటండీ?" అంది మెల్లిగా. మెల్లిగా అన్న మాట అందరికీ వినిపించింది.

"నోట్లోంచి వచ్చేసింది. ఇప్పుడు వెనక్కి తీసుకోమంటావా?"

"వద్దులెండి," అన్నాడు డ్రైవర్. "ఉండనివ్వండి."

భోజనం పెట్టారు. డ్రైవర్ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. కుట్టు మిషన్ చూసి, దాని కండిషన్ బాగుందన్నాడు. టైలర్ అతని చొక్కా భుజం చూసి, కుట్టు సరిగ్గా లేదన్నాడు. అమ్మాయి గురించి ఒక్క మాట వచ్చింది. తల్లి అడిగింది.

"అమ్మాయి ఎలా ఉంటుందండీ?"

"మొండిది," అన్నాడు డ్రైవర్. "మీవాడు చెప్పలేదా? ఎనిమిది వందలంటే ఎనిమిది వందలే."

తర్వాత కుర్రాడి వైపు తిరిగాడు. "మూడున్నర విమానం వెళ్తుందా?"

"వెళ్తుందండి. ఒంటిగంట రిపోర్టులో ఐదు కిలోమీటర్లు ఇచ్చింది."

"అయితే దాంట్లో వెళ్లు. ఇంటి దగ్గర మా ఆవిడ పొద్దున పదింటి నుంచి నీకోసం ఎదురుచూస్తోంది. నేను చేరేసరికి ఆరూ నలభై ఐదు అవుతుంది."

"మరి మీరు ఏ మాటా చెప్పలేదండి."

"విమానం తప్పిపోతుంది. ముందు కదులు."

అతను ఒంటిగంటా నలభై ఐదుకు ఇంట్లోంచి బయల్దేరాడు. అప్పటికి డ్రైవర్ కుట్టు మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని, చొక్కా విప్పి టైలర్‌కు ఇచ్చి ఉన్నాడు. టైలర్ భుజం కుట్టు విప్పుతున్నాడు.

విమానం మూడూ యాభై ఒకటికి దిగింది. పరిశీలకురాలి డ్యూటీ రెండింటికే అయిపోయింది. ఆమె అరైవల్ గేటు దగ్గర ఉంది.

"ఏమన్నాడు?"

"బోర్డు చూపించారు."

"ఏ బోర్డు?"

అతను చెప్పాడు. మొదటి నుంచి చివరి దాకా, నడుస్తూ, గేటు నుంచి రోడ్డు దాకా. ఆమె మధ్యలో రెండుసార్లు ఆగి నవ్వింది. రెండోసారి పక్కనున్న గోడ పట్టుకుంది.

"నలభై ఒకటి అని చెప్పావా?"

"చెప్పాను."

"నేను నలభై అన్నాను."

"ఇంజిన్ రోజు సంగతి కూడా చెప్పాను."

"నాన్న ఏమన్నాడు?"

"అద్దం తుడిచారు."

ఆమె నవ్వు ఆపింది. "అద్దం తుడిచాడా? ఏ అద్దం?"

"లోపలి అద్దం. జనం కనిపించేది."

ఆమె అతని చేతిలోంచి బ్యాగు తీసుకుని ఒక పట్టీ తను పట్టుకుంది. రెండో పట్టీ అతను పట్టుకున్నాడు. బ్యాగులో ఒక చొక్కా, ఒక టవలు మాత్రమే ఉన్నాయి. బరువేం లేదు.

ఇంటి దగ్గర ఆమె తల్లి అతన్ని కూర్చోబెట్టి, "పొద్దున చేసినవన్నీ చల్లారిపోయాయి బాబూ, మళ్ళీ చేశాను," అంది. ఆ తర్వాత అతను ఏం చదివాడో, ఏం తింటాడో, ఏం తినడో, కోపం వస్తే ఏం చేస్తాడో అడిగింది. కోపం వస్తే ఏం చేస్తాడన్న ప్రశ్నకు కూతురు జవాబు చెప్పింది. "ఫోన్ పెట్టేస్తాడమ్మా. మళ్ళీ వారానికి వచ్చి చిమ్నీ చూపించమంటాడు."

ఆరున్నరకు ఇద్దరూ బస్టాండ్‌కు వెళ్ళారు. బస్సు ఆరూ యాభైకి లోపలికి వచ్చింది. ఐదు నిమిషాలు ఆలస్యం. ఇంజిన్ ఆగింది. డ్రైవర్ తన సీట్లోంచి లేవలేదు.

ముందు తలుపు తెరుచుకుంది. మొదట దిగింది డిస్పాచర్ తల్లి. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. ఆమె వెనక టైలర్, చేతిలో సంచితో దిగాడు.

"అమ్మా?" అన్నాడు డిస్పాచర్.

"నాలుగు గంటలు కూర్చోలేనన్నావు కదరా. కూర్చున్నాను. నడుం పట్టేసింది, అది వేరే సంగతి. అమ్మాయి ఏదీ?"

పరిశీలకురాలు ముందుకొచ్చి నమస్కారం పెట్టింది. ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని, ఇక వదల్లేదు.

డ్రైవర్ అప్పుడు దిగాడు. చొక్కా భుజం కుట్టు కొత్తగా ఉంది. వెనక టైరు దగ్గరికి వెళ్లాడు. తన్ని చూసి, వచ్చి కూతురి ముందు నిలబడ్డాడు.

"భోజనానికి ఎంతమందిమని చెప్పావు మీ అమ్మకి?"

"నలుగురమని నాన్నా."

"ఆరుగురమని ఫోన్ చెయ్."

ఆమె ఫోన్ తీసి ఇంటికి చేసింది. ఆరుగురమని చెప్పింది. తల్లి మళ్ళీ అడిగితే, కన్ఫర్మ్ అంది.